పొడుగు మనిషికి మొదటి రోడ్ బైక్: 700సీ అంటే మీ సైజు కాదు

ఈ నెల సైకిల్ ప్రశ్నల్లో మూడింటికి జవాబులు ఇస్తున్నాం. మొదటిదానికి ఎక్కువ చోటు పట్టింది, ఎందుకంటే ఇలాంటి ప్రశ్న మన తిరుపతి, చిత్తూరు పక్క నుంచి పదే పదే వస్తా ఉంది.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నా ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, బరువు 84 కిలోలు, వయసు 27. ఇన్నాళ్లూ పొద్దున్నే అలిపిరి దాకా నడిచేవాణ్ణి, ఇప్పుడు సైకిల్ మీద మనసు పడింది, ఆ వంపు హ్యాండిల్, సన్న టైర్లు ఉండే రోడ్ బైక్ కొనుక్కోవాలని. బడ్జెట్ 30 వేలు, మరీ కావాలంటే ఇంకో మూడు నాలుగు వేలు. ఇక్కడ అంగళ్లలో అడిగితే మామూలు గేర్ సైకిళ్లు చూపిస్తున్నారు, రోడ్ బైక్ నా సైజులో లేదు, తెప్పిస్తాం అడ్వాన్స్ కట్టు అంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే 18 వేల నుంచే ఉన్నాయి, అన్నిట్లో 700సీ అని రాసుంది, ఒకదాంట్లో అయితే 5.4 నుంచి 6.4 వరకు అందరికీ సరిపోతుంది అని ఉంది. తీసేసుకోవచ్చా? ఫ్రెండ్స్ ఏమో ఇంత పొడుగోడికి రోడ్ బైక్ పనికిరాదు, నడుం పోతుంది అంటున్నారు. ఏం చేయమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, ఆ 5.4 నుంచి 6.4 వరకు అని రాసుండేది మాత్రం వద్దు. ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. 5 అడుగుల 4 అంగుళాల మనిషి ప్యాంటు నీకు ఎట్లా పడుతుందో ఆ సైకిలూ అట్లాగే పడుతుంది, తేడా ఏందంటే ప్యాంటు పొట్టయితే చూసేవాళ్లకి తెలుస్తుంది, సైకిల్ పొట్టయితే నెల తర్వాత నీ మోకాళ్లకి తెలుస్తుంది.

ముందు ఆ 700సీ సంగతి తేల్చుకుందాం, చాలామంది పడేది ఇక్కడే. 700సీ అనేది చక్రం సైజు. రిమ్ము మీద టైరు కూర్చునే చోట కొలిస్తే 622 మిల్లీమీటర్లు, రోడ్ బైకుల్లో దాదాపు అన్నిటికీ అదే చక్రం, 5 అడుగుల ఆడపిల్ల తొక్కేదానికీ 6 అడుగుల 4 అంగుళాల మనిషి తొక్కేదానికీ అదే. 29 అంగుళాలు అని అమ్మే మౌంటెన్ సైకిళ్ల రిమ్ము కూడా అదే 622, టైరు లావు కాబట్టి పెద్దదిగా కనపడుతుంది, అంతే. మన దగ్గర చిన్నప్పటి నుంచి 20 సైకిల్, 24 సైకిల్, 26 సైకిల్ అని చక్రాన్ని బట్టే సైజు చెప్పుకోవడం అలవాటు, అందుకే 700 అని పెద్ద అంకె కనపడగానే పెద్ద సైకిల్ అనుకుంటాం. నీకు కావాల్సిన సైజు చక్రానిది కాదు, ఫ్రేముది. అది 52, 54, 56, 58 అని సెంటీమీటర్లలో రాస్తారు, లేకపోతే చొక్కాల మాదిరి ఎస్, ఎం, ఎల్, ఎక్స్‌ఎల్ అని రాస్తారు. ఈ రెంటిలో ఏదీ లేకుండా ఒట్టి 700సీ అని రాసి అమ్ముతున్నారంటే అది ఒకటే సైజులో చేసిన సైకిల్, ఎక్కువగా మధ్యరకం ఎత్తు మనుషుల కోసం చేసింది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం. మొదటి రోడ్ బైక్ ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఇట్లాగే అందరికీ సరిపోతుంది అని చూసి కొన్నా. సీటు రాడ్డు పైకి లాగి లాగి కాళ్లు చాపుకునేంత ఎత్తుకి తెచ్చుకున్నా. మూడో వారం తెల్లారుజామున చంద్రగిరి పోయేటప్పుడు శ్రీనివాస మంగాపురం దాటినాక కింద నుంచి కిర్రు కిర్రు అని శబ్దం, చైను అనుకున్నా, పెడలు అనుకున్నా, దిగి చూస్తే సీటు రాడ్డు మీద ఇంతకంటే పైకి తీయొద్దు అని ఒక గీత ఉంటుంది చూడు, ఆ గీత ఫ్రేము బయటికి వచ్చి నాలుగు వేళ్లు పైన ఉంది. లోపల మిగిలింది బెత్తెడు కూడా లేదు, రాడ్డు వెనక్కి వంగింది, ఫ్రేము పైపు నోరు దగ్గర వెంట్రుక మందం పగులు. ఫ్రేము పోయినట్టే. అమ్మినాయన్ని అడిగితే గీత దాటి వాడినావు కాబట్టి వారంటీ రాదన్నాడు. ఆ గీత దాటకుండా నా కాళ్లకి ఆ సైకిల్ తొక్కడానికే కుదరదు, ఆ మాట ముందు ఎవరూ చెప్పలేదు. ఆరోజు అక్కడి నుంచి తిరుపతికి నిలబడి తొక్కుకుంటా వచ్చా.

నీ విషయంలో లెక్క ఎట్లా తేలుతుందో చూడు. ముందు కాలి లోపలి కొలత తీసుకోవాలి, అంటే కాళ్ల మధ్య నుంచి నేల దాకా. చెప్పులు లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడు, పాదాల మధ్య జానెడు ఎడం ఉండాలి. ఒక గట్టి పుస్తకం కాళ్ల మధ్య పెట్టి పైకి నొక్కమని చెప్తారు అందరూ, పుస్తకాన్ని అట్లా పెట్టడానికి మనకి మనసొప్పదు కాబట్టి నేనైతే మేస్త్రీల దగ్గరుండే రసమట్టం వాడమంటా, బుడగ మధ్యలో ఉందా లేదా అనేది కూడా తెలుస్తుంది, అది లేకపోతే వెడల్పు చెక్కముక్క అయినా సరే. సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో అంత గట్టిగా పైకి నొక్కి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టించు. మూడుసార్లు కొలిచి మధ్యది తీసుకో. ప్యాంటు టైలర్ తీసే కొలత దీనికి పనికిరాదు, అది నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ వస్తుంది.

నీ ఎత్తుకి ఇది 90 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. దాన్ని 0.883తో గుణిస్తే సుమారు 79 న్నర. పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా ఉండాల్సిన ఎత్తు అది, ఎప్పటి నుంచో అందరూ వాడే లెక్క, ఒక సెంటీమీటరు అటూ ఇటూ సర్దుకోవచ్చు. ఇప్పుడు మధ్యరకం ఫ్రేములో ఆ ఇరుసు నుంచి సీటు పైపు నోరు దాకా 50 సెంటీమీటర్లు ఉంటుందనుకో. మిగిలింది 29 న్నర. సీటు మందం ఒక 5 తీసేస్తే రాడ్డు 24 న్నర బయట ఉండాలి. రాడ్డు మొత్తం పొడవు 35 అయితే, లోపల కనీసం 10 ఉండాలి కాబట్టి అంచు మీద సరిపోతుంది. చౌక సైకిళ్లలో రాడ్డు 30 సెంటీమీటర్లదే వేసి ఉంటారు, అప్పుడు లోపల మిగిలేది 5 న్నర. నాకు జరిగింది అదే.

సరే, పొడుగు రాడ్డు వేయించుకుంటే చాలదా అని అడుగుతావు. చాలదు. సీటు పైపు నిట్టనిలువుగా ఉండదు కదా, వెనక్కి వాలి సుమారు 73 డిగ్రీల్లో ఉంటుంది. అందుకే రాడ్డు 10 సెంటీమీటర్లు పైకి లాగితే సీటు పైకి పోవడమే కాదు, 3 సెంటీమీటర్లు వెనక్కి కూడా పోతుంది. నీ బరువంతా వెనక చక్రం మీదకి పోతుంది, హ్యాండిల్ ఏమో కిందే ఉండిపోతుంది, సీటుకీ హ్యాండిల్‌కీ తేడా జానెడు దాటితే నువ్వు ముందుకి వంగి వంగి చేతుల మీద ఆనుకుంటావు, మణికట్లు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది, నడుం నొప్పి వస్తుంది. నీ ఫ్రెండ్స్ అనే నడుం నొప్పి ఇదే. ఇది పొడుగు వల్ల వచ్చేది కాదు, సైజు తప్పడం వల్ల వచ్చేది. ఇటలీ రేసర్ ఫిలిప్పో గన్నా ఎత్తు 1.93 మీటర్లు, నీకంటే పైన. 2022 అక్టోబర్ 8న స్విట్జర్లాండ్‌లో గ్రెన్షెన్ ట్రాక్ మీద ఒక్క గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన మిగెల్ ఇందురైన్ 1.88 మీటర్లు. పొడుగోడికి రోడ్ బైక్ పనికిరాదు అనే మాట ఇంకెవరన్నా అంటే వీళ్ల పేర్లు చెప్పు.

అయితే ఏ సైజు? 6.3కి మామూలుగా 58 నుంచి 60 దాకా, అక్షరాల్లో రాసేవాళ్ల దగ్గర ఎక్స్‌ఎల్. కానీ ఒక కంపెనీ 58, ఇంకో కంపెనీ 58 ఒకటే అనుకోవద్దు, ఎవరి కొలత వాళ్లది. అందుకే కొనే పేజీలో జామెట్రీ చార్ట్ అని ఒక పట్టిక ఉంటుంది, అది తెరిచి రెండే అంకెలు చూడు, స్టాక్, రీచ్. స్టాక్ అంటే పెడల్ ఇరుసు నుంచి హ్యాండిల్ కూర్చునే పైపు తల దాకా నిలువు ఎత్తు, రీచ్ అంటే అదే రెంటి మధ్య అడ్డం దూరం. నీకు స్టాక్ 600 మిల్లీమీటర్ల దగ్గర గానీ పైన గానీ, రీచ్ 390 నుంచి 400 చుట్టూ ఉంటే మొదటి సైకిల్‌కి సుఖంగా ఉంటుంది. రీచ్ ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే స్టెమ్ మార్చి సర్దుకోవచ్చు, హ్యాండిల్‌ని పట్టుకుని ఉండే ఆ పొట్టి ముక్క, అదేం పెద్ద ఖర్చు కాదు. స్టాక్ తక్కువైతే మాత్రం సర్దుకోవడం కష్టం. ఈ పట్టిక ఇవ్వని పేజీ మూసేయ్. పట్టిక ఉందా లేదా అనేదే నా మొదటి జల్లెడ, సగానికి పైగా చౌక సైకిళ్లు అక్కడే ఆగిపోతాయి.

డెకాథ్లాన్ వాళ్ల రోడ్ బైకులు సైజుల వారీగా వస్తాయి, ఇంకొన్ని కంపెనీలు ఉన్నాయి, ఏది చూసినా కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో చూడు, ఎందుకంటే నలుగురు అమ్మకందారులు పెట్టే పెద్ద పెద్ద అంగళ్ల పేజీల్లో సైజు వివరాలు ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేస్తారు. కష్టం ఏందంటే చౌక మోడళ్లలో ఎక్స్‌ఎల్ తక్కువగా వస్తుంది, వచ్చింది తొందరగా అయిపోతుంది. ఆ సైజు అయిపోయింది అని ఉంటే నోటిఫై పెట్టుకుని ఒక నెల ఆగు. అది లేదు కదా ఎల్ తీసుకుందాం, దగ్గర్లోనే ఉంది కదా అని మాత్రం అనుకోవద్దు తమ్ముడూ. నెల ఆగితే ఏం పోదు, తప్పు సైజు కొంటే నాలుగైదేళ్లు దాని మీదే కూర్చోవాలి.

గేర్ల సంగతి తొందరగా చెప్పేస్తా. నీ బడ్జెట్‌లో ఎక్కువగా షిమానో కంపెనీ గేర్లలో టూర్నీ రకం, 7 స్పీడ్, అంటే వెనక 7 గేర్లది వస్తుంది. కొన్నిట్లో గేర్ మార్చే మీట హ్యాండిల్ పైన విడిగా ఉంటుంది, చేయి తీసి మార్చాలి, అలవాటైపోతుంది. అదే కంపెనీ క్లారిస్ రకం, 8 స్పీడ్ అయితే బ్రేకు మీట దగ్గరే గేరు మారుతుంది, అది బాగుంటుంది, కానీ దానికి ఇంకొంచెం పైకి పోవాలి. సైజు సరైన టూర్నీ, సైజు తప్పిన క్లారిస్ రెండూ పక్కపక్కన ఉంటే కళ్లు మూసుకుని టూర్నీ తీసుకో. క్రాంకు, అంటే పెడలు బిగించే కడ్డీ, 170 మిల్లీమీటర్లు వచ్చినా 175 వచ్చినా మొదటి సైకిల్‌కి పట్టించుకోవద్దు. టైరు మాత్రం చూడు, 84 కిలోలకి 23 మిల్లీమీటర్ల సన్న టైరు వద్దు, మన కరకంబాడి రోడ్డు గుంతలకి ట్యూబు నొక్కుకుపోయి పాము కాటు మాదిరి రెండు చిల్లులు పడతాయి. 28 టైరు పట్టే ఫ్రేము తీసుకో, 32 పడితే ఇంకా మంచిది. 28కి గాలి 80, 90 పీఎస్ఐ మధ్య పెట్టుకో, టైరు పక్కన రాసి ఉండే హద్దు దాటకుండా. గాలి పుల్ల సన్నగా ఉంటే అది ప్రెస్టా రకం, మన పంక్చర్ అంగట్లో పంపు దానికి పట్టదు, వేలిగోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి దొరుకుతుంది, రెండు కొని ఒకటి సైకిల్‌కే బిగించి పెట్టుకో.

ధర గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. పాత ఎమ్మార్పీ మీద డిస్కౌంట్ అని చూపించే పేజీల్లో ఆ తగ్గింపు కూడా కలిపే చూపిస్తుండొచ్చు, కాబట్టి శాతాలు చూడొద్దు, కట్టే రూపాయలు చూడు. 30 వేలూ సైకిల్‌కే పెట్టేయకు. హెల్మెట్, ముందు వెనక లైట్లు, పంపు, రెండు ట్యూబులు, అలెన్ కీల సెట్టు, వీటికి నాలుగు వేలు పక్కన పెట్టుకో, తెల్లారుజామున రేణిగుంట రోడ్డులో లారీల పక్కన లైటు లేకుండా పోవద్దు.

ఇంకొకటి, కుదిరితే కొనే ముందు ఒకరోజు చెన్నై పోయిరా. పొద్దున పోయి రాత్రికి వచ్చేయొచ్చు. పెద్ద సైకిల్ షోరూముల్లో 58 మీద ఒకసారి, 60 మీద ఒకసారి కూర్చుని చూస్తే ఈ అంకెలన్నీ నీ ఒంటికి తెలుస్తాయి. అక్కడే ధర దగ్గరగా వస్తే అక్కడే కొను, నీకు టైమిచ్చి చూపించినాయన దగ్గర కొనడమే న్యాయం కూడా.

ఇప్పుడు పార్సెల్ వచ్చింది అనుకుందాం. డబ్బా తెరిచేటప్పుడు మొత్తం వీడియో తీయి, డబ్బా మీద సైజు స్టిక్కర్ కూడా అందులో పడాలి. ఏదీ బిగించకముందే టేపు తీసుకుని పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు పైపు నోరు దాకా కొలిచి పట్టికలో అంకెతో సరిచూడు, స్టిక్కర్ ఎక్స్‌ఎల్ అని ఉండి లోపల ఎల్ రావడం నేను రెండుసార్లు చూశా. తేడా ఉంటే బిగించొద్దు, అట్లాగే ఫొటోలు తీసి రిటర్న్ పెట్టు. చెప్పినదొకటి పంపినదొకటి అయితే వెనక్కి తీసుకోను అనడానికి ఆన్‌లైన్ అమ్మకందారుకి హక్కు లేదు, 2020 ఈ కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఒప్పుకోకపోతే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినాక కేసు నువ్వుండే ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల లోపలికి ఫీజు కూడా లేదు.

సైజు సరిపోతే అప్పుడు బిగింపు. డబ్బాలో వచ్చేది ముప్పాతిక వంతు బిగించిన సైకిల్, మనం వేసుకోవాల్సింది ముందు చక్రం, హ్యాండిల్, సీటు, పెడళ్లు. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మామూలుగా తిప్పి బలంగా బిగించినావంటే క్రాంకు మర కొట్టుకుపోతుంది. రెండు పెడళ్లకీ ఒకటే గుర్తు, స్పానర్ పై కొసని ముందు చక్రం వైపు తిప్పితే బిగుస్తుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి తిరిగి ఉందేమో చూడు, రిమ్ముని పట్టే రకం బ్రేకు అయితే అది ముందు వైపు ఉండాలి, మామూలు సైకిళ్లు బిగించే కుర్రాళ్లు కూడా తొందరలో అది తప్పు చేస్తారు. సీటు రాడ్డుకి గ్రీజు రాసి లోపలికి దించు, లేకపోతే మన చెమటకి రెండేళ్లలో ఇరుక్కుపోయి రాదు. వెనక గేర్లు మార్చే ముక్క వేలాడే చోట పార్సెల్ దెబ్బకి లోపలికి వంగి ఉంటుంది ఒక్కోసారి, వెనక నుంచి చూస్తే చిన్న చక్రాలు గేరు పళ్లకి నేరుగా కనపడాలి, వంకరగా ఉంటే తొక్కకుండా మెకానిక్‌కి చూపించు, లేకపోతే పెద్ద గేరులో వేసినప్పుడు స్పోకుల్లో పడుతుంది. నూరు కిలోమీటర్లు తొక్కినాక కేబుళ్లు సాగి గేర్లు జారతాయి, అది చెడిపోవడం కాదు, ఒకసారి బిగిస్తే అయిపోతుంది.

మొదటి రెండు నెలలు చంద్రగిరి, శ్రీనివాస మంగాపురం, జూపార్కు రోడ్డు, ఇవి చాలు. భాకరాపేట ఘాటు లాంటి చోటికి చేతులు బ్రేకుకి అలవాటయినాక పో. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే అసలు పని.

ప్రశ్న: నమస్తే సార్. మాది చిత్తూరు. మా బాబుకి 15 ఏళ్లు, ఇప్పుడే 5 అడుగుల 11 అంగుళాలు, పోయిన ఏడాదిలోనే మూడంగుళాలు పెరిగినాడు. కాణిపాకం దాకా వాళ్ల స్నేహితులతో సైకిల్ మీద పోయి వస్తున్నాడు, ఇప్పుడు రోడ్ బైక్ కావాలంటున్నాడు. ఎట్లాగూ పెరుగుతాడు కదా అని పెద్ద సైజు తీసుకోమని వాళ్ల నాన్న అంటున్నారు. ఇంకా పెరిగే పిల్లాడికి అంత డబ్బు పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, స్కూల్ యూనిఫాం అయితే ఆయన చెప్పింది సరే, అంచు మడిచి కుట్టించుకుంటాం. సైకిల్‌కి అంచు మడిచే వీలు లేదు. ఇప్పుడు బాబుకి 56 సరిపోతుంది, 60 కొంటే ఈ రోజు హ్యాండిల్ అందదు, చేతులు పూర్తిగా చాచి బ్రేకు కొసలు పట్టుకుంటాడు, అది వాళ్ల కాణిపాకం రోడ్డులో ఆటో అడ్డం వచ్చినప్పుడు తెలుస్తుంది. మీరు ఎక్కువలో ఎక్కువ ఒక్క సైజు పెద్దది తీసుకోవచ్చు, 58, దానికి పొట్టి స్టెమ్ వేయించి ఇప్పుడు దగ్గరగా పెట్టి, పెరిగినాక పొడుగు స్టెమ్ వేయించవచ్చు. అంతకు మించి వద్దు. నిలబడినప్పుడు పై పైపుకీ బాబు కాళ్లకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి, అది లేకపోతే సైజు పెద్దదైపోయినట్టే.

డబ్బు గురించి మీ భయం నాకు అర్థమైంది, నా మాటగా అయితే ఈ రెండేళ్లకి కొత్తది కొనొద్దు, వాడింది కొనండి. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాల వాళ్లు మోజుపడి కొని ఏడాదికి అమ్మేసేవి మంచివి దొరుకుతాయి, రెండేళ్ల తర్వాత మీరూ దాన్ని దగ్గర దగ్గర అదే ధరకి అమ్ముకోవచ్చు. ఫొటో చూసి డబ్బు పంపొద్దు, ఎవరైనా చుట్టాలు ఉంటే వాళ్లని పంపి చూపించండి. వాళ్లు చూడాల్సింది నాలుగు చోట్ల. ఫ్రేములో పెడళ్ల దగ్గర, హ్యాండిల్ పైపు కింద రంగు మీద సన్న గీతలు ఉంటే పగులు కావచ్చు, అది వద్దు. సీటు రాడ్డు పైకీ కిందకీ కదలాలి, కదలకపోతే ఇరుక్కుపోయింది, బాబు పెరిగేకొద్దీ మార్చుకోలేరు, పెరిగే పిల్లాడికి అన్నిటికంటే ముఖ్యం ఇదే. చక్రం ఎత్తి తిప్పితే బ్రేకు దగ్గర ఊగకూడదు. చైనుకి ఒక స్టీలు స్కేలు పెట్టి కొలవమనండి, మొదటి పిన్నుని సున్నా అనుకుని, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి 24 పిన్నులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి, అంగుళంలో పదహారో వంతు ఎక్కువ వచ్చిందంటే చైను అరిగింది, చైను మార్చే ఖర్చు ధరలో తగ్గించమనండి.

బాబుతో మీరు ఒక మాట ఒప్పించుకోవాలమ్మా, హెల్మెట్ లేకుండా సైకిల్ బయటికి రాదు అని. వేలూరు రోడ్డు వైపు మాత్రం ఒంటరిగా పంపొద్దు.

ప్రశ్న: రేణిగుంట నుంచి రాస్తున్నా అన్నా. ఎత్తు 6.4, బరువు 96 కిలోలు. సైజు సరిగ్గానే కొన్నా, 60. కానీ ఏడు నెలల్లో వెనక చక్రం స్పోకులు ఐదు విరిగినాయి, ప్రతిసారీ కుడి పక్కవే. అంగట్లో ఒక్కోటి వేసి ఇస్తున్నారు, మళ్లీ ఇరగతా ఉంది. చక్రం మొత్తం మార్చాలా?

జవాబు: అవును తమ్ముడూ, చక్రం మార్చే టైం వచ్చింది, కారణం కూడా చెప్తా. వెనక చక్రంలో కుడి పక్క గేర్ల పళ్లు ఉంటాయి కదా, వాటికి చోటు ఇవ్వడానికి ఆ పక్క స్పోకులు నిటారుగా పెట్టి ఎడమ పక్క కంటే చాలా గట్టిగా లాగి కట్టాల్సి వస్తుంది. నీ బరువూ నువ్వు పెడలు తొక్కే బలమూ ఎక్కువగా వాటి మీదే పడతాయి. పైగా ఎక్కడ ఇరుగుతున్నాయి చూడు, హబ్బు, అంటే చక్రం నడిమి ముక్క, దాని దగ్గర వంపులోనా? అక్కడే అయితే మొదటి నుంచీ వదులుగా, ఒకదానికొకటి సమానం లేకుండా కట్టినారని అర్థం. వదులు స్పోకు చక్రం తిరిగిన ప్రతిసారీ బిగుస్తా వదులవుతా ఉంటుంది, తీగని అటూ ఇటూ వంచితే తెగినట్టు అదీ తెగుతుంది. ఒకటి తెగితే దాని భారం పక్కదానికి పోతుంది, కొత్తది వేసినా పక్కవి అప్పటికే అలసిపోయి ఉంటాయి, అందుకే వరసగా పోతున్నాయి. మూడు పోయినప్పుడే అన్నీ మార్చి ఉండాల్సింది.

నీ చక్రానికి స్పోకులు లెక్కపెట్టు. 24 గానీ 28 గానీ ఉంటే అది నీ బరువుకి చేసింది కాదు. 32 రంధ్రాల రిమ్ము, హబ్బు తీసుకో, 36 దొరికితే ఇంకా నిశ్చింత, నూటికి దగ్గర బరువున్న మనిషికి 36 ఎక్కువేం కాదు. రెడీమేడ్ చక్రం కంటే చేత్తో కట్టే మెకానిక్ దగ్గర కట్టించుకో. పాత సైకిల్ అంగళ్లలో ఆ పని తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, స్పోకులని రెండు రెండు కలిపి వేళ్లతో నొక్కి, మీటి శబ్దం విని బిగువు చూస్తారు, కుడి పక్కవన్నీ ఒకటే శబ్దం రావాలి. కొత్త చక్రం మీద 200 కిలోమీటర్లు తొక్కినాక మళ్లీ ఆయన దగ్గరికే తీసుకుపోయి బెండు తీయించి బిగువు సరి చేయించు, ఆ రెండోసారి పోకపోతే మొదటిసారి కట్టించింది వృథా. టైరు 25 ఉంటే 28 గానీ, ఫ్రేములో పడితే 32 గానీ వేయి. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడు సీటు మీద కూర్చునే దాటొద్దు, కొంచెం లేచి మోకాళ్లు వంచి దాటు. మార్చే దాకా ఆ చక్రంతో శ్రీకాళహస్తి వైపు దూరం పోవద్దు, ఊళ్లోనే తొక్కు, ఒక స్పోకు తెగి రిమ్ము బ్రేకుకి రాసుకుంటే తిరిగి రావడానికి బండి కూడా దొరకదు ఆ టైంలో.